జూలీ చివరి ఉత్తరాన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

తత్వవేత్త రూసో 1761లో వెలువరించిన ఉత్తరాల నవల ‘జూలీ’ని అనువాదంలో చదివి ఒక చోట చిక్కుకుపోయాను. చదివినవారు సాయం చేయగలరా?

తండ్రి మాటకు తలవంచి వోల్మార్‌ను పెళ్లాడిన జూలీ, పెళ్లినాడు చర్చిలోనే తన మనసు మారిపోయిందని రాస్తుంది. ఆపైన జెనీవా సరస్సు ఒడ్డునున్న క్లారాన్ ఊళ్లో ఆదర్శ గృహిణి. భర్తే ఆమె పాత ప్రేమికుడు సేంప్రోను ఇంటికి పిలుస్తాడు (ఆ ధీమా నాకు ఇప్పటికీ మింగుడుపడదు). తీరా సరస్సులో పడిన కొడుకును కాపాడి జబ్బుపడ్డాక, మరణశయ్య మీది ఉత్తరంలో ఆ ప్రేమ చావనేలేదని ఒప్పుకుంటుంది.

అలాగైతే అన్నేళ్ల ధర్మనిష్ఠ ఆత్మవంచనేనా? లేక కోరిక బతికి ఉండగానే దాన్ని అదుపులో పెట్టుకోవడమే ధర్మమని రూసో ఉద్దేశమా? నాకు మొదటిదే అనిపిస్తోంది. మొత్తం 163 ఉత్తరాలు మళ్లీ తిరగేసే ఓపిక లేదు. ముఖ్యంగా ఏవి చదవమంటారు?