జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో దావా కొట్టేశారు, అప్పీలు ఎక్కడ వేయాలి?

ప్రశ్న: మాది ఆంధ్రప్రదేశ్. ఇంటి స్థలం మీద నాన్నగారు వేసిన శాశ్వత ఇంజంక్షన్ (అవతలివాళ్లు జోక్యం చేసుకోకుండా ఆపే కోర్టు ఉత్తర్వు) దావాను ప్రిన్సిపల్ జూనియర్ సివిల్ జడ్జి కోర్టు కొట్టేసింది. నేరుగా అమరావతి హైకోర్టుకు వెళ్లొచ్చా? గడువెంత? ఈలోగా అవతలివాళ్లు గోడ కట్టకుండా స్టే వస్తుందా?

జవాబు 1: నేరుగా కుదరదండీ. సివిల్ వైపు కింద జూనియర్ సివిల్ జడ్జి, ఆపైన సీనియర్ సివిల్ జడ్జి, జిల్లా జడ్జి, అందరి పైనా హైకోర్టు. జూనియర్ కోర్టు తీర్పు మీద మొదటి అప్పీలు జిల్లాలోనే వేయాలి. చాలా చోట్ల సీనియర్ సివిల్ జడ్జి కోర్టులోనే తీసుకుంటారు. మీ దగ్గర ఏ కోర్టో ఫైలింగ్ సెక్షన్‌లో కనుక్కోండి.

గడువు తీర్పు తేదీ నుంచి 30 రోజులు. తీర్పు, డిక్రీల (తీర్పు ఫలితాన్ని చెప్పే అధికారిక ఉత్తర్వు) సర్టిఫైడ్ కాపీలకు ఈరోజే దరఖాస్తు పెట్టండి. కాపీ తయారవడానికి పట్టిన రోజులు లెక్కలోంచి తీసేస్తారు. అయితే కాపీకి కావలసిన స్టాంపులు కట్టమని కోర్టు పిలిచాక మీరు ఆలస్యంగా కడితే ఆ రోజులు, కాపీ సిద్ధమయ్యాక తీసుకోకుండా వదిలేసిన రోజులు మీ ఖాతాలోనే పడతాయి. ఈ తేదీలన్నీ కాపీ మీదే ఉంటాయి, దాచడం కుదరదు. ఆఖరి రోజు కోర్టుకు సెలవైతే తెరిచిన రోజే వేసేయాలి. గడువు దాటితే అప్పీలుతో పాటు ఆలస్యం మన్నించమని పిటిషన్, అఫిడవిట్ పెట్టాలి. ఎందుకు ఆలస్యమైందో అందులో సరిగ్గా చెప్పకపోతే అప్పీలుకు నంబరు కూడా పడకుండానే (నమోదు కాకుండానే) పోతుంది.

జవాబు 2: స్టే విషయంలో ఒక మాట. మీ దావా కొట్టేశారు కాబట్టి ఆపడానికి అమలయ్యే డిక్రీ ఏదీ లేదు. స్టే అడిగితే ఉపయోగం ఉండదు. అప్పీలుతో పాటే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39 రూల్ 1, 2 కింద తాత్కాలిక ఇంజంక్షన్ పిటిషన్ వేయండి. స్థలం ఇప్పుడు మీ స్వాధీనంలో ఉందని చూపే పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, ఫొటోలు జతచేయండి. కింది కోర్టులో పెట్టని కాగితాలైతే ఆర్డర్ 41 రూల్ 27 కింద విడిగా అనుమతి అడగాలి, అప్పుడెందుకు పెట్టలేకపోయారో కారణం చెప్పాలి.

మొదటి అప్పీలును తేలిగ్గా తీసుకోకండి. సాక్ష్యాలన్నీ మళ్లీ మొదటినుంచి తూచేది అక్కడే. ఆ తర్వాత హైకోర్టులో రెండో అప్పీలు ఉంది, కానీ ముఖ్యమైన చట్టపరమైన ప్రశ్న ఉంటేనే తీసుకుంటారు. సాక్షిని నమ్మాలా వద్దా అనే వాదన అక్కడ సాధారణంగా నిలవదు.

ప్రశ్న: చాలా థాంక్సండీ. ఇదే గొడవలో తమ్ముడి మీద పోలీసు కేసు కూడా ఆ జడ్జిగారి దగ్గరే నడుస్తోంది. దానికీ ఇదే దారా?

జవాబు 1: కాదు. ఆయనే జ్యుడిషియల్ ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ కూడా. సివిల్ దావా, క్రిమినల్ కేసు ఒకే హాల్లో నడిచినా దారులు వేరు. మేజిస్ట్రేట్ శిక్ష వేస్తే అప్పీలు సెషన్స్ కోర్టుకు, 30 రోజుల్లోపు. జిల్లా జడ్జే అక్కడ సెషన్స్ జడ్జి. సివిల్ అప్పీలు వేసినంత మాత్రాన క్రిమినల్ కేసు ఆగదు, కాబట్టి తమ్ముణ్ని వాయిదాలు తప్పకుండా చూడమనండి. హాజరు కాకపోతే వారెంటు వస్తుంది.