చెవులు, ముక్కుపుటాలు ఆడించడం: పుట్టుకతో రావాలా, నేర్చుకుంటే వస్తుందా?

గోదారిగట్టు:
మా అబ్బాయికి ఎనిమిదేళ్లు. వాళ్ల తాతయ్యలాగే దవడ కదపకుండా రెండు చెవులూ ఆడిస్తాడు. ఎవరూ నేర్పలేదు. మా అమ్మాయి నెల రోజులుగా అద్దం ముందు నిలబడి తంటాలు పడుతోంది, రావడం లేదు. "అది రక్తంలో ఉండాలి" అని మా అత్తయ్య తేల్చేశారు. నాకూ అదే నిజమనిపిస్తోంది. డార్విన్ 1871 నాటి పుస్తకంలో ఒక ఇంటిపెద్ద సంగతి రాశాడు. ఆయన నెత్తి చర్మం కదిలించి, తలమీద పెట్టిన బరువైన పుస్తకాలను కింద పడేసేవాడట. ఫ్రాన్స్‌లో వేరేచోట ఉన్న దూరపు చుట్టానికీ అదే విద్య ఉందట. వంశపారంపర్యం కాకపోతే ఇంకేమిటి?

అందెలసవ్వడి:
గోదారిగట్టు గారూ, నేను ఒప్పుకోను. డార్విన్ అదే అధ్యాయంలో ఇంకో మాట కూడా అన్నాడు: చెవులను తరచూ తాకుతూ, ధ్యాస వాటిమీద పెట్టి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తే మనలో చాలామందికి కొంత కదలిక తిరిగి రావచ్చని.

నేను కూచిపూడి నేర్పుతాను. నాట్యశాస్త్రంలో ముక్కుకే ఆరు భేదాలున్నాయి: నత, మంద, వికృష్ట, సోచ్ఛ్వాస, వికూణిత, స్వాభావిక. వికృష్ట అంటే పుటాలు విప్పార్చడం. పుట్టుకతో వచ్చినవాళ్లు మాత్రమే చేయగలిగితే దాన్ని పాఠంగా ఎందుకు పెడతారు?

పోయినేడాది ఒక పిల్లకి ఇది అస్సలు వచ్చేది కాదు. పుటాలు విప్పమంటే పైపెదవి లేచేది, నుదురు ముడిపడేది, కళ్లు పెద్దవయ్యేవి. ముక్కు మాత్రం కదిలేది కాదు. పుటం అంచున చూపుడువేలు ఆనించి, "గట్టిగా ఊపిరి పీల్చు, ఆ వేలిని ఏది నెడుతోందో చూసుకో" అన్నాను. పీల్చినప్పుడు పుటం దానంతటదే విచ్చుకుంటుంది కదా, ఆ స్పర్శను గుర్తుపట్టడమే అసలు పని. తర్వాత సగం ఊపిరితో, ఆపైన ఊపిరి బిగబట్టి చేయించాను. మూడు వారాలకు ఊపిరి లేకుండానే వేలు కదిలింది. ఆ పిల్ల అద్దంలోంచి నావైపు చూసిన చూపు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

నాడీమార్గం:
ఫిజియోథెరపిస్ట్‌ని. ఇద్దరి మాటల్లోనూ సగం సగం నిజముంది. ముఖ కవళికల కండరాలన్నీ, చెవి చుట్టూ ఉన్నవి కూడా, ఏడవ కపాల నాడి (మెదడు నుంచి ముఖానికి వచ్చే నరం) చేతిలోనే ఉంటాయి. అయితే నుదుటికి మెదడు రెండు వైపుల నుంచీ ఆదేశాలు వస్తాయి. అందుకే చాలామందికి ఒక్క కనుబొమ ఎగరేయమంటే రెండూ లేస్తాయి.

"రక్తంలో ఉంది" అని తొందరపడకండి. నాలుకను గొట్టంలా చుట్టడం వారసత్వమని 1940లో జన్యుశాస్త్రవేత్త స్టర్టెవాంట్ రాశాడు. 1952లో మాట్‌లాక్ అనే పరిశోధకుడు 33 జతల ఏకరూప కవలలను (ఒకే జన్యువులున్న కవలలను) చూస్తే, 7 జతల్లో ఒకరు చుట్టగలిగారు, రెండోవారు చుట్టలేకపోయారు. జన్యువులే అంతా అయితే అలా జరగకూడదు. కానీ చెవి కండరాలు అందరికీ ఒకేలా ఉండవు, కొందరికి మరీ సన్నగా ఉంటాయి. కాబట్టి సాధన చేస్తే అందరికీ వస్తుందని నేను మాట ఇవ్వలేను.

వేపచెట్టునీడ:
ఇది పిల్లల సరదా మాత్రమే కాదండీ. నాకు బెల్స్ పాల్సీ (ముఖ నరం దెబ్బతిని ముఖం ఒకవైపు చచ్చుబడే జబ్బు) వచ్చి ఎడమవైపు మూతి పక్కకి పోయింది. నీళ్లు తాగితే పెదవి చివర నుంచి కారిపోయేవి. అద్దం ముందు చిన్న చిన్న కదలికలు చేయించారు, బలవంతంగా ముఖం లాగొద్దన్నారు. నెలలు పట్టింది. నరం కోలుకోకపోతే సాధన ఒక్కటే చాలేది కాదని నాకు తెలుసు. కానీ "ఇక రాదు" అని ఇంట్లో ఎవరో అన్న రోజున నేను అద్దం తిప్పి పెట్టేశాను. ఆ పాపతో ఆ మాట అనకండి.

గోదారిగట్టు:
వాడికి ఉచితంగా వచ్చిందనే మాటను మాత్రం వెనక్కి తీసుకోను. ఇద్దరూ ఒక ఇంటి పిల్లలే, ఒక్కడికే ఎలా వచ్చింది? దానికి సమాధానం ఇంకా దొరకలేదు. కానీ "రక్తంలో ఉండాలి" అన్న మాట అమ్మాయి వినేలా అన్నాం, అది తప్పే. అందెలసవ్వడి గారూ, చెవికైతే వేలు ఎక్కడ ఆనించాలి?

అందెలసవ్వడి:
చెవి వెనక, తలకు అతుక్కునే చోట. అన్నయ్య చెవి ఆడిస్తున్నప్పుడు ముందు వాడి చెవి వెనక వేలు పెట్టి చూడమనండి. ఏం వెతకాలో తెలుస్తుంది. రోజుకి అయిదు నిమిషాలు చాలు.