నాలుగేళ్ల సైనిక సేవను సర్పంచ్ పదవికి యోగ్యతగా చూడవచ్చా?

చర్చను ప్రారంభించినవారు:

యువతను నాలుగేళ్లకు సైన్యంలో చేర్చుకునే అగ్నిపథ్ పథకాన్ని కేంద్రం 2022 జూన్‌లో ప్రకటించినప్పుడు చేరిక వయసును పదిహేడున్నర నుంచి 21 ఏళ్లుగా నిర్ణయించి, ఆ ఒక్క ఏడాదికి గరిష్ఠ పరిమితిని 23కు పెంచింది. నాలుగేళ్లు పూర్తయ్యాక ప్రతి బ్యాచ్‌లో 25 శాతం మించకుండా కొనసాగిస్తామని, మిగిలినవారు సుమారు 11.71 లక్షల రూపాయల సేవానిధితో బయటికి వస్తారని అప్పుడే చెప్పారు. లెక్క వేసి చూడండి. ఎంత చిన్న వయసులో చేరినవాడికైనా తిరిగి వచ్చేనాటికి ఇరవై ఒకటిన్నర ఏళ్లు నిండుతాయి. రాజ్యాంగంలోని 243ఎఫ్ అధికరణం ప్రకారం పంచాయతీకి పోటీ చేయడానికి 21 ఏళ్లు నిండితే చాలు. తొలి బ్యాచ్ శిక్షణ 2022 చివర, 2023 మొదట్లో మొదలైంది కనుక, పోటీకి వయసు చాలిన మాజీ సైనికులు ఇకపై ఏటా గ్రామాలకు వస్తూనే ఉంటారు.

అలాంటి యువకుడు సర్పంచ్‌గా నిలబడితే, మిగతా విషయాలన్నీ సమానమైనప్పుడు, అతని సైనిక సేవను అదనపు యోగ్యతగా చూడాలని నా అభిప్రాయం. ఊరి కక్షలు ఒంటికి అంటుకోకముందే అతను బయటికి వెళ్లాడు, వేళకు లేవడం, చెప్పిన పని చెప్పిన రోజుకు ముగించడం అలవాటు చేసుకున్నాడు, చేతిలో కొంత సొమ్ము ఉంది కనుక గుత్తేదారు దగ్గర అప్పు చేసి ఎన్నికకు దిగవలసిన అగత్యం కూడా లేదు. మీరేమంటారు?

మాజీ హవల్దారు:

సైన్యంలో 17 ఏళ్లు పనిచేసి వచ్చినవాడిగా ముందు నా అభ్యంతరం చెబుతాను. నాలుగేళ్లు చేసిన కుర్రవాడు ఆజ్ఞ పాటించడం నేర్చుకుంటాడు. ఆజ్ఞ ఇవ్వవలసిన సందర్భం అతనికి దాదాపు రాదు. నాయకత్వమని మనం దేన్ని అంటున్నామో అది యూనిట్‌లో నాయక్, హవల్దారు స్థాయికి వచ్చాక, పదిమంది మంచిచెడ్డలు మీద పడినప్పుడు మొదలవుతుంది. అప్పుడు కూడా మా మాట చెల్లిందంటే, దాని వెనుక జీతం, సెలవు చీటీ, శిక్షాధికారం ఉన్నాయి. ఊళ్లో అవేవీ ఉండవు. నేను తిరిగి వచ్చిన కొత్తలో వార్డు సభ్యుడిగా పోటీ చేసి, ఇంటింటికీ వెళ్లి ‘చెత్త బయట వేయకూడదు’ అని చెప్పి ఓడిపోయాను. చెప్పిన మాట తప్పు కాదు, చెప్పిన తీరు పరేడ్ మైదానంలోది.

ఆ సేవానిధి గురించి కూడా ఒక మాట. అప్పు చేయనక్కర్లేదన్నారు, నిజమే. అయితే ఆ 11 లక్షలు ఏ వ్యాపారానికో, చదువుకో కాకుండా ఒక్క ఎన్నికలో కరిగిపోయే ప్రమాదం కూడా అంతే నిజం. ఈ పథకంలో చేరిన అగ్నివీరులకు పింఛను లేదు, మాజీ సైనికుడి హోదా కూడా లేదు. ఆ సొమ్ము పోతే వెనక్కి చూసుకోవడానికి ఏమీ మిగలదు.

న్యాయశాస్త్ర విద్యార్థి:

కొందరు సందేహపడుతుంటారు కనుక నిబంధన చెప్పి తప్పుకుంటాను. సేవలో ఉన్న సైనికుడు సెలవు మీద వచ్చి పోటీ చేయడం కుదరదు. రాజ్యాంగంలోని 33వ అధికరణం సాయుధ దళాల ప్రాథమిక హక్కులను పరిమితం చేసే అధికారాన్ని పార్లమెంటుకు ఇచ్చింది. 1950 నాటి సైనిక చట్టం 21వ సెక్షను, 1954 నిబంధనలు ఆ పరిమితిని రాజకీయ సభలకు హాజరు కావడం దాకా తీసుకువెళ్లాయి. వేరే పనుల్లో ఉన్నవారు ఏడాదిలో కొంతకాలం సేవ చేసే ప్రాదేశిక సైన్యం (టెరిటోరియల్ ఆర్మీ) సంగతి వేరు: సచిన్ పైలట్ 2012లోను, అనురాగ్ ఠాకూర్ 2016లోను చట్టసభ సభ్యులుగా ఉంటూనే అందులో అధికారులుగా చేరారు. వారు ఓట్లు అడిగి గెలిచాక యూనిఫాం వేసుకున్నారు. మన యువకుడు యూనిఫాం విప్పి ఓట్లు అడగబోతున్నాడు. అన్నట్టు, విడుదలై రాగానే ఊరి ఓటర్ల జాబితాలో పేరుందో లేదో చూసుకోవాలి. ఆ పంచాయతీలో ఓటు లేనివాడు అక్కడ అభ్యర్థి కాలేడు.

పంచాయతీ కార్యదర్శి:

సిద్ధాంతం పక్కన పెట్టి నేను కళ్లారా చూసినది చెబుతాను. ఊరి పేరు అడగవద్దు. నేను పనిచేసిన ఒక పంచాయతీలో సైన్యం నుంచి తొందరగా బయటికి వచ్చిన ముప్పై ఏళ్ల లోపు యువకుడు సర్పంచ్ అయ్యాడు. ప్రమాణ స్వీకారం మర్నాడు పొద్దున్న ఏడింటికే కార్యాలయం తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. పూలదండలు, ఫొటోలు ఏమీ లేవు. ‘స్టాకు రిజిస్టరు తీయండి, చార్జి తీసుకోవాలి’ అన్నాడు. సాధారణంగా కొత్త సర్పంచ్ అప్పగింత కాగితం మీద సంతకం పెట్టి టీ తాగి వెళ్తారు. ఇతను రిజిస్టరు చంకలో పెట్టుకుని, లైన్ చూసే వర్కరును వెంటబెట్టుకుని, ఊళ్లోని స్తంభాలన్నీ తిరిగాడు. రిజిస్టరులో 214 ఎల్ఈడీ దీపాలున్నాయి, స్తంభాల మీద 171 కనిపించాయి. బోరు మోటార్లు రెండని రాసి ఉంటే ఒకటి మరమ్మతు షాపులో ఎనిమిది నెలలుగా పడి ఉందని, దాని రసీదు ఎవరి దగ్గరా లేదని తేలింది. తేడాలన్నీ ఎర్ర సిరాతో రాసి, నా చేత, ఉప సర్పంచ్ చేత సంతకం చేయించాడు. నాకు ఆ రోజు ముచ్చెమటలు పోశాయని ఒప్పుకోవడానికి సిగ్గుపడను. అలా వస్తువు వస్తువూ లెక్కపెట్టి చార్జి తీసుకోవడం యూనిట్‌లో ప్రతి బదిలీకీ చేసే పనేనని తర్వాత చెప్పాడు.

అదే మనిషి గ్రామసభలో మరోలా కనిపించాడు. తెలంగాణ 2018 పంచాయతీ రాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకు ఒకసారైనా సభ పెట్టాలి. తొలి సభలోనే ఒక్కొక్కరికి రెండు నిమిషాలని గడియారం పెట్టాడు. ఒక ముసలమ్మ లేచి తన ఇంటి ముందు మురుగు కాలువ గురించి మొదలుపెట్టి, అది తవ్వినప్పుడు ఎవరి గోడ కూలిందో, ఆ గోడ మీద అన్నదమ్ములు ఎలా విడిపోయారో చెబుతుండగా ‘పాయింటు చెప్పమ్మా’ అన్నాడు. ఆమె కూర్చుంది. ఆ తర్వాత మరెవరూ లేవలేదు. సభ ఇరవై నిమిషాల్లో ముగిసింది, మినిట్స్ పుస్తకం చక్కగా కుదిరింది. కాలువ నీరు ఎందుకు ఎదురెక్కుతున్నదో మాత్రం ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే దాని జవాబు ఆ కూలిన గోడ కథలో ఉంది. గోడ తిరిగి కట్టినవాళ్లు కాలువ మీదికి జరిపి కట్టారు. ఈ సంగతి మాకు నాలుగు నెలల తర్వాత బోధపడింది.

చర్చను ప్రారంభించినవారు:

కార్యదర్శి గారూ, మీరు చెప్పిన మొదటి సగం నా వాదనను బలపరుస్తోందని అనుకుంటున్నాను. రెండో సగం అనుభవంతో సరిదిద్దుకోగలిగిన లోపమే. మహారాష్ట్రలోని రాలెగణ్ సిద్ధి ఉదాహరణ అందరికీ తెలిసినదే. సైన్యంలో డ్రైవరుగా పనిచేసి 1975లో తిరిగి వచ్చిన అన్నా హజారే, కరవుతో, సారా బట్టీలతో చితికిపోయిన ఆ ఊరిని కట్టలు, నీటి గుంటలు తవ్వించి నిలబెట్టారు. సైనిక క్రమశిక్షణ లేకుండా అది సాధ్యమయ్యేదా?

విశ్రాంత ఉపాధ్యాయుడు:

సాధ్యమయ్యేదో కాదో ఊహించనక్కర్లేదు, పక్కనే సాక్ష్యం ఉంది. అదే జిల్లాలో, నాడు అహ్మద్‌నగర్, నేడు అహిల్యానగర్ అంటున్నారు, హివరే బజార్ ఉంది. 1990 ప్రాంతంలో అక్కడ సర్పంచ్ అయిన పోపట్‌రావు పవార్ ఎంకాం చదివిన వ్యక్తి, సైనికుడు కారు. సాగు కోసం బోర్లు వేయకూడదని, చెట్లు నరకకూడదని, పశువులను కొండ మీదికి విచ్చలవిడిగా వదలకూడదని ఆ ఊరు కట్టుబాటు చేసుకుంది. ఏటా వాన లెక్క, భూగర్భజలం లెక్క గ్రామసభ ముందు పెట్టి ఆ ఏడు ఏ పంట వేయాలో కూర్చుని నిర్ణయించుకుంటారు. కరవు నేల ఒకటే, పద్ధతి కూడా చాలావరకు ఒకటే, యూనిఫాం మాత్రం ఒకచోటే ఉంది. కనుక ఫలితాన్ని యూనిఫాం ఖాతాలో ఎలా వేయగలం?

రాలెగణ్ విషయంలో మనం మర్యాద కోసం దాటవేసే సంగతి మరొకటి ఉంది. తాగి వచ్చినవారిని స్తంభానికి కట్టి కొట్టారు. హజారే దాన్ని దాచలేదు, తల్లి జబ్బుపడ్డ బిడ్డకు చేదు మందు తాగించినట్టు అని సమర్థించుకున్నారు. ఆయన సర్పంచ్ పదవిలో లేరు కనుక దాన్ని నైతిక ఒత్తిడి అని సరిపెట్టుకున్నవారు ఉన్నారు. అదే పని ఎన్నికైన సర్పంచ్ చేస్తే అది నేరం, పైగా కలెక్టరు సస్పెండ్ చేయడానికి చక్కని కారణం. నేను ముప్పై ఏళ్లకు పైగా బెత్తం పట్టుకుని పాఠం చెప్పినవాడిని. భయంతో వచ్చిన నిశ్శబ్దాన్ని క్రమశిక్షణ అని పొరబడడం ఎంత తేలికో నాకు తెలుసు.

మాజీ వార్డు సభ్యురాలు:

ఇంతసేపూ అందరూ ‘యువకుడు’, ‘అతను’ అనే రాస్తున్నారు. మన రెండు రాష్ట్రాల్లోనూ పంచాయతీ స్థానాల్లో సగం మహిళలకు రిజర్వు అయి ఉన్నాయి. అగ్నివీరుల్లో స్త్రీలు ఉన్నా చాలా తక్కువ. సైనిక సేవను యోగ్యతగా ఊరంతా ఒప్పుకుంటే, ఆ కొలతలో సగం ఊరు మొదటే తేలిపోతుంది.

నా భర్త సైన్యంలో ఉన్నన్నాళ్లూ అత్తమామల వైద్యం, పొలం కౌలు, కుళాయి దగ్గర తగాదా, బ్యాంకు, పిల్లల బడి, అన్నీ నేనే చూసుకున్నాను. ఏడాదికి రెండు నెలలు ఆయన సెలవు మీద వచ్చి, ‘ఇల్లు ఇలా ఉంటే ఎలా’ అని రెండు రోజులు సర్ది, మూడో రోజు నుంచి నన్ను అడిగి చేసేవారు. నేను వార్డు సభ్యురాలిగా గెలిచినప్పుడు మాత్రం మొదటి సమావేశానికి ఆయనకు కూడా కుర్చీ వేశారు. ‘మిలిటరీ ఆయన కదా, కూర్చోనివ్వండి’ అన్నారు. ఆయన కూర్చోలేదు, అది ఆయన మంచితనం. అందరు భర్తలూ అలా బయటికి నడవరు. స్త్రీల స్థానంలో భార్య గెలిచి, మాజీ సైనికుడైన భర్త పంచాయతీ నడిపితే, సైన్యం మీద మనకున్న గౌరవమే ఆ దొడ్డిదారికి తలుపు తెరిచినట్టవుతుంది.

చర్చను ప్రారంభించినవారు:

అమ్మా, ఆ కోణం నేను చూడలేదు. నా ప్రతిపాదనలో ‘యోగ్యత’ అన్న మాటను వెనక్కి తీసుకుని ‘పనికివచ్చే అనుభవం’ అని మార్చుకుంటాను. మీరు మోసినది కూడా ఆ మాటలో ఇముడుతుంది. కానీ హవల్దారు గారు, ఉపాధ్యాయుల వారు చెప్పినంత నిరాశగా మాత్రం నేను లేను. దీపాలు లెక్కపెట్టడం చిన్న పని కాదు.

పంచాయతీ కార్యదర్శి:

చిన్న పని కాదు, అందుకే చెప్పాను. అయితే ఆ తర్వాతి కథ కూడా వినండి. తగ్గిన 43 దీపాలు వెంటనే పెట్టించాలని అతను పట్టుబట్టాడు. కేంద్రం నుంచి పంచాయతీకి వచ్చే 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే ముడిపడి ఉంటుందని, మిగిలిన 40 శాతంలోనే దీపాలు, దారులు అన్నీ సర్దుకోవాలని, చెక్కు మీద ఉప సర్పంచ్ సంతకం కూడా ఉండాలని చెప్పాను. ఉప సర్పంచ్ అవతలి వర్గం మనిషి. ‘ఆర్డరు ఇచ్చాను కదా, సంతకం ఎందుకు పెట్టడు?’ అని నన్ను అడిగాడు. ఆ అడగడంలో అహంకారం లేదు. నిజంగానే అర్థం కాక అడిగాడు. మూడు వారాల తర్వాత తనే సైకిలు వేసుకుని ఉప సర్పంచ్ పొలానికి వెళ్లి, గట్టు మీద కూర్చుని మాట్లాడి వచ్చాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. మర్నాడు సంతకం వచ్చింది, తొలి విడత పదిహేను దీపాలు ఉప సర్పంచ్ వీధి నుంచి మొదలయ్యాయి. బేరం కుదిరిందని ఎవరైనా అనవచ్చు. దీపాలైతే వెలిగాయి.

మాజీ హవల్దారు:

ఆ గట్టు మీద కూర్చోవడమే మేము ఏ శిక్షణ కేంద్రంలోనూ నేర్చుకోలేదు. నా మేనల్లుడు వచ్చే జనవరిలో నాలుగేళ్లు పూర్తి చేసుకుని వస్తాడు, సర్పంచ్‌గా నిలబడతానని ఇప్పటి నుంచే ఫోనులో అంటున్నాడు. నిన్న రాత్రి ఈ చర్చంతా వాడికి చదివి వినిపించి, ముందు ఏడాది పాటు ఊళ్లో ఉండు, రెండు నెలలకు ఒకటి చొప్పున ఆరు గ్రామసభలకు వెళ్లి వెనక వరుసలో నోరు మూసుకుని కూర్చో, ఆ తర్వాతే నామినేషను మాట ఎత్తు అన్నాను.

‘ఆరు పెట్టాలని చట్టంలో ఉంది సరే, మామయ్యా, మన ఊళ్లో పెట్టేవి ఎన్ని?’ అన్నాడు. నేను గత రెండేళ్లలో ఒక్కదానికే వెళ్లాను. ఎన్ని జరిగాయో వాడికి చెప్పలేకపోయాను. ఇవాళ పంచాయతీకి వెళ్లి మినిట్స్ పుస్తకం చూపించమని అడగబోతున్నాను.