అప్‌డేట్: మా గుర్రం నీళ్లు తాగుతోంది

మొన్న అడిగింది నేనే. రెండు రోజుల విరేచనాలతో మా ఆడగుర్రం నీళ్లు ముట్టడం లేదు, మెడ మీద చర్మం పట్టి వదిలితే మడత అలాగే నిలుస్తోంది, సీసాతో నోట్లో నీళ్లు పోయవచ్చా అని. పోస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి, వెంటనే డాక్టర్‌ని పిలవమన్న వాళ్లందరికీ దండాలు.

డాక్టర్ గారు పళ్ల చిగురును వేలితో నొక్కి వదిలారు. తెల్లబడిన చోట రంగు తిరిగి రావడానికి మూడు సెకన్లు దాటింది. రెండు లోపే రావాలట. శరీర బరువులో 8 శాతం నీరు పోయిందని అంచనా వేశారు. 450 కిలోల గుర్రానికి అది 36 లీటర్లు! రోజువారీ అవసరం, విరేచనాల్లో ఇంకా పోతున్నది దీనికి అదనం.

మెడలోని రక్తనాళానికి కాథెటర్ (సన్నని గొట్టం) పెట్టి, రింగర్స్ లాక్టేట్ అనే సెలైన్ లాంటి లవణ ద్రవం 5 లీటర్ల సంచులు వరసగా ఎక్కించారు. రాత్రంతా సంచులు మార్చడమే మా పని. తెల్లవారుజామున మూత్రం పోసింది. ఆ చప్పుడు వినగానే నాకు ఏడుపొచ్చేసింది.

తర్వాత ముక్కు గుండా కడుపులోకి ట్యూబు వేశారు. గుర్రాలకు వాంతి చేసుకోవడం చేతకాదు కాబట్టి, లోపల ద్రవం నిలిచి ఉంటే ఇంకా పోయడం ప్రాణాపాయం. ముందు అది చూసుకుని, వెనక్కి ఏమీ రాలేదని తేలాకే లవణాలు కలిపిన గోరువెచ్చని నీళ్లు 6 లీటర్లు పోశారు.

ఈరోజు బకెట్‌లో తనే మూతి పెట్టింది. కాథెటర్ తీసిన చోట వాపు వస్తుందేమోనని పూటపూటా తడిమి చూస్తున్నాను.