బండి స్టార్ట్ కావడం లేదు, రిమోట్ బ్యాటరీ మార్చినా ఫలితం లేదు

మట్టిబాట (తిరుపతి): అందరికీ నమస్కారం. ఉదయం 6 గంటల నుంచి బండి దగ్గరే ఉన్నాను, ఇప్పుడు 11 కావస్తోంది. తాళం తిప్పితే ఇంజిన్ ఒక్క క్షణం అందుకుని వెంటనే ఆగిపోతోంది. నిన్న తలకోన వైపు వెళ్ళినప్పుడు వాగులో దిగి లోతు చూశాను, జేబులో ఉన్న తాళం తడిసింది. అందుకే రిమోట్‌లో కొత్త సీఆర్ 2032 బ్యాటరీ వేశాను, అయినా ఏ మార్పూ లేదు. దయచేసి ఎవరైనా దారి చూపండి.

పలమనేరు: ఏ బండి? తాళం తిప్పేదా, బటన్ నొక్కేదా? మీటరు దగ్గర ఎర్ర దీపం మినుకుతోందా?

చంద్రగిరి వాసి: అసలు మీ తాళాల గుత్తి బరువెంతో ముందు చూసుకోండి. మన మిత్రులలో చాలామంది ఇనుప కొక్కెం, టార్చి, మడత కత్తి, ఇత్తడి శంఖచక్రాలు అన్నీ ఒకే వలయానికి తగిలించి తిరుగుతున్నారు. గతుకుల దారిలో ఆ బరువంతా ఇగ్నిషన్‌కు వేలాడుతూ ఊగడం వల్ల లోపలి భాగాలు అరిగిపోతాయి. 2014లో జనరల్ మోటార్స్ లక్షలాది కార్లను వెనక్కి పిలిచింది కూడా ఇగ్నిషన్ స్విచ్ సమస్యతోనే. గుత్తి బరువుకో, కుదుపుకో స్విచ్ జారి, నడుస్తున్న ఇంజిన్ ఆగిపోయేది, ఎయిర్‌బ్యాగులు కూడా తెరుచుకునేవి కావు. తాళంచెవి ఒంటరిగా ఉండాలని నేను ఎన్నోసార్లు రాశాను.

చిత్తూరు మిత్రుడు: తాళం తడిసిందంటే తలుపు తాళమా, తాళంచెవా? తాళం అంటే వేసేది, తాళంచెవి అంటే తీసేది. మా ఇళ్ళలో బీగం, బీగంచెవి అని వేరువేరుగానే అంటాము. ఈ తేడా చెప్పకపోతే సలహా ఇచ్చేవారు పొరబడతారు.

పలమనేరు: జేబులో తడిసింది తాళంచెవే. ఆ చర్చ తరువాత.

మట్టిబాట: క్షమించాలి, తాళంచెవే. ఫోర్ బై ఫోర్ డీజిల్ బండి, తిప్పే రకం. ఎర్ర దీపం మినుకుతోంది, కానీ అది ఎప్పుడూ ఉండేదే అనుకున్నాను.

విశ్రాంత మెకానిక్ (తిరుపతి): అయ్యా, మీరు మార్చిన బ్యాటరీ తలుపులు తెరిచే బటన్లకే పనికివస్తుంది. ఇంజిన్‌కు అనుమతి ఇచ్చేది తాళంచెవి తలలో ఉన్న చిన్న చిప్పు. దానికి బ్యాటరీ అక్కరలేదు. ఇగ్నిషన్ చుట్టూ ఉన్న తీగచుట్ట నుంచే అది శక్తి తీసుకుని తన సంకేతం పంపుతుంది. ఆ సంకేతం సరిగా అందకపోతే ఇమ్మొబిలైజర్, అంటే బండి దొంగల పాలు కాకుండా కాపాడే పరికరం, ఇంధనాన్ని ఆపేస్తుంది, అప్పుడే ఆ దీపం అలా మినుకుతుంది. చిప్పు రాతి మీద పడి పగిలి ఉండవచ్చు, లేదా పక్కనే మరొక చిప్పు ఉంటే రెండు సంకేతాలూ కలగలిసిపోవచ్చు. ఆ గుత్తిలో ఇంకేమి ఉన్నాయో చెప్పండి.

మట్టిబాట: బైక్ తాళంచెవి, ఇంటిది, బీరువాది. మా బావగారు నిన్న రాత్రి రైలెక్కుతూ తన కారు తాళంచెవి కూడా ఇచ్చి వెళ్ళారు, పోకుండా ఉంటుందని దీనికే తగిలించాను. దానికీ దీనికీ సంబంధం లేదనుకుని రాయలేదు.

విశ్రాంత మెకానిక్: సంబంధం అక్కడే ఉంది. దాన్ని తీసి పది అడుగుల దూరంలో పెట్టి ప్రయత్నించండి. అడవి దారులకు వెళ్ళేటప్పుడు రెండో తాళంచెవిని కూడా అదే గుత్తిలో ఉంచకండి, వెనుక బండిలో వచ్చేవారికి ఇవ్వండి. ఒకటి వాగులో పోయినా ఇంటికి చేరగలరు.

చంద్రగిరి వాసి: బరువు గురించి నేను చెప్పింది కూడా ఇదే కదా.

పలమనేరు: కాదు. ఇది చిప్పుల గొడవ, బరువుది కాదు.

చంద్రగిరి వాసి: కారణం వేరు కావచ్చు, పరిహారం ఒకటే. గుత్తి విడదీయాలి.

మట్టిబాట: విడదీశాను, ఇంజిన్ నిలిచింది. ధన్యవాదాలు, కార్యాలయానికి బయలుదేరుతున్నాను.

చిత్తూరు మిత్రుడు: సంతోషం. తడిసిన రిమోట్‌ను విప్పి ఆరబెట్టారా? లోపల తుప్పు పడితే కొత్త బ్యాటరీ కూడా నిలవదు.