ఎంబీఆర్ మెంబ్రేన్ మూసుకుపోతుంటే మందు పెంచాలా, లాగుడు తగ్గించాలా?

బరంపురం ఆపరేటర్:
బరంపురంలో ఒక ఆసుపత్రి ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) నడుపుతున్నాను. ఎంబీఆర్ రకం, అంటే బ్యాక్టీరియా శుద్ధి చేసిన నీటిని మెంబ్రేన్ (సన్నని రంధ్రాల వడపోత పొర) గుండా పంపు లాగుతుంది. మెంబ్రేన్ హాలో ఫైబర్ (బోలు దారాలు), 100 కేఎల్‌డీ (రోజుకు లక్ష లీటర్లు). శుద్ధయిన నీళ్లు ఫ్లష్‌లకీ తోటకీ వెళ్తాయి. సక్షన్ లైన్ (నీళ్లు లాగే పైపు) మీద గేజీ ముల్లు ఇదివరకు 0.1 బార్ దగ్గర ఉండేది, ఇప్పుడు 0.4 దాటేస్తోంది. మెంబ్రేన్‌ని హైపో (సోడియం హైపోక్లోరైట్ అనే క్లోరిన్ మందు)లో నానబెడితే దిగుతుంది, పక్షం తిరక్కుండానే మళ్లీ ఎక్కుతుంది. డోసు పెంచమంటున్నారు పైవాళ్లు. పెంచమంటారా?

రాయగడ కెమిస్ట్:
పెంచడం కాదు, పద్ధతి మార్చండి. మెంబ్రేన్‌కి పట్టేది చాలావరకు బ్యాక్టీరియా వదిలే జిగురు. దాన్ని ముదరనివ్వకూడదు. వారానికోసారి 300–500 పీపీఎం హైపో లోపలి నుంచి వెనక్కి పంపండి. పూర్తిగా నానబెట్టేటప్పుడు 1,000–2,000 చాలు. బోరు నీళ్లయితే కాల్షియం కూడా పేరుకుంటుంది, దాని మీద హైపో పనిచెయ్యదు, సిట్రిక్ యాసిడ్‌తో పీహెచ్ 2–3కి దింపాలి. రెండింటి మధ్యా మంచినీళ్లతో బాగా కడిగెయ్యండి. హైపో, యాసిడ్ కలిస్తే క్లోరిన్ గ్యాస్ లేస్తుంది, ప్రాణానికే ముప్పు.

ఛత్రపూర్:
స్లడ్జ్ ఎప్పుడు తీశారు? ఎంఎల్‌ఎస్‌ఎస్ (లీటరు ట్యాంకు నీళ్లలో ఎన్ని మిల్లీగ్రాముల బురద) ఎంత?

బల్లార్షా ఫిట్టర్:
అందరు మందు సంగతే మాట్లాడ్తున్రు, ట్యాంకు ముందర చెత్త ఆపే జాలి సంగతి ఎవ్వలు అడుగుతలేరు. హాలో ఫైబర్‌కు 1–2 మిల్లీమీటర్ల జాలి ఉండాలె. ఆసుపత్రి అంటున్నవ్ గద తమ్మీ, దూది, గాజుగుడ్డ పోగులు, వెంట్రుకలు అన్నీ వస్తయి. మా దగ్గర మాడ్యూల్ (ఫైబర్ల కట్ట) పైకి లేపితే వెంట్రుకలు ఫైబర్ల చుట్టు జడ అల్లినట్టు పెనవేసుకొని ఉండె. మధ్యల బురద గడ్డకట్టింది. కత్తెర పెడితే ఫైబర్ తెగుతదని వేళ్లతోనే ఒక్కొక్క పోగు విడదీసినం. మీరు చెప్పిన పీపీఎంకు వెంట్రుక కరుగుతదా సార్?

రాయగడ కెమిస్ట్:
హైపోకి ముల్లు దిగుతోందని ఆయనే రాశారు. అంటే పట్టింది జిగురే. వెంట్రుకలైతే దిగదు.

బల్లార్షా ఫిట్టర్:
దిగుతది, మల్ల ఎక్కుతది. ఎందుకు ఎక్కుతుందో చెప్పున్రి.

రాయగడ కెమిస్ట్:
ఎందుకంటే కడగాల్సిన రోజు కడగరు, గేజీ చూడరు, లాగ్‌బుక్‌లో నిన్నటి అంకెలే ఎక్కిస్తారు. ఎన్నో ప్లాంట్లలో చూశాను. సగం ఫౌలింగ్ (మెంబ్రేన్ మూసుకుపోవడం) ఆపరేటర్ల చేతుల్లోనే ఉంది.

బల్లార్షా ఫిట్టర్:
ఈ మాట మీద నాకు కడుపు మండుతది. ఒక ప్లాంటుల జాలి చినిగింది, కొత్తది తెప్పియ్యున్రి అని రాసిచ్చిన. తెప్పియ్యలే. ఆఖరుకు ఫైబర్లు తెగితే నా జీతంల కోసిన్రు. రిపోర్టుల ‘ఆపరేటర్ నిర్లక్ష్యం’ అని రాసింది మీ లెక్క బయట నుంచి వచ్చిన కన్సల్టెంటే.

పర్లాకిమిడి:
గొడవ వద్దు, ఆయన ప్రశ్నకి జవాబు చెప్పండి.

గునుపూర్ ఇంజినీర్:
ముందు ఫ్లక్స్, అంటే చదరపు మీటరు మెంబ్రేన్ గుండా గంటకు ఎన్ని లీటర్లు లాగుతున్నారో చూద్దాం. ఒక హద్దు దాటి లాగితే మెంబ్రేన్ మీద పొర ఆగకుండా పేరుకుంటుంది. ఆ హద్దుకి క్రిటికల్ ఫ్లక్స్ అన్న మాట 1995 నుంచీ ఉంది. మెంబ్రేన్ ఎన్ని చదరపు మీటర్లు? పంపు ఎన్ని గంటలు నడుస్తోంది?

బరంపురం ఆపరేటర్:
250 చదరపు మీటర్లు. పంపు పగలు 12 గంటలే. రాత్రి కరెంటు బిల్లు కోసం బ్లోయర్ (ట్యాంకులోకి గాలి ఊదే యంత్రం)తో సహా అన్నీ ఆపెయ్యమన్నారు. ఎంఎల్‌ఎస్‌ఎస్ 14,000 దాటింది, స్లడ్జ్ ట్యాంకర్ ఖర్చని పిలవనివ్వడం లేదు. జాలి 6 మిల్లీమీటర్లది. ఇవన్నీ ముందే రాయాలంటే భయమేసింది.

గునుపూర్ ఇంజినీర్:
అయితే లెక్క ఇదిగో. 100 కేఎల్‌డీ 24 గంటల్లో లాగితే చదరపు మీటరుకు గంటకు 17 లీటర్లు, ఫరవాలేదు. అదే నీరు 12 గంటల్లో లాగితే 33. పైగా రాత్రంతా గాలి లేక బ్యాక్టీరియా ఇబ్బంది పడి జిగురు ఇంకా ఎక్కువ వదులుతుంది. 8,000–12,000 ఉండాల్సిన చోట 14,000 బురద. హైపో ఎంత పోసినా ఇది ఆగదు. మెంబ్రేన్ జీవితకాలంలో తట్టుకునే క్లోరిన్‌కీ ఒక లెక్క ఉంటుంది, అది త్వరగా అయిపోతుంది. రాత్రి కూడా బ్లోయర్ నడవాలి, పంపు తొమ్మిది నిమిషాలు లాగి ఒక నిమిషం ఆగాలి. బ్లోయర్ ఆగితే సక్షన్ పంపు దానంతటదే ఆగేలా ప్యానెల్‌లో ఇంటర్‌లాక్ పెట్టించండి.

రాయగడ కెమిస్ట్:
లెక్క సరే. కానీ కరెంటు బిల్లు కట్టేది యజమాని. ఆయన ఇచ్చిన గంటల్లోనే నీళ్లు తియ్యాలి. అందుకే మందు అంటున్నాను. ప్లాంటు ఆపుకుని కూర్చుంటే ఫ్లష్‌లకి నీళ్లెవరిస్తారు?

బల్లార్షా ఫిట్టర్:
ఇప్పుడొచ్చింది అసలు మాట. బిల్లు మిగిలేది ఆయనకు. మెంబ్రేన్ పోతే పేరు చెడేది ఈ తమ్మునిది. గాలి ఆపమన్నది ఎవరో రిపోర్టుల మీరు రాస్తరా? ముందుగాల గది చెప్పున్రి.

రాయగడ కెమిస్ట్:
బ్లోయర్ ఎన్ని గంటలు ఆగిందో లాగ్‌బుక్‌లో ఉంటే రిపోర్టులో ఎక్కిస్తాను. లేనిది ఎలా రాస్తాను?

బరంపురం ఆపరేటర్:
ఇవాళ్టి నుంచి రాస్తాను మాస్టారూ. ఆపిన టైము, ఆపమన్నది ఎవరు, ముల్లు ఎంత, మూడూ. ఇంటర్‌లాక్‌కి ఎలక్ట్రీషియన్‌ని అడిగాను, జాలికి కొటేషన్ పెడతాను.

రాయగడ కెమిస్ట్:
వారం వారం హైపో మాత్రం మానొద్దు.

బల్లార్షా ఫిట్టర్:
జాలి ముందు. ఆ తర్వాత మీ హైపో.