పోర్టు కనిపిస్తోంది, అప్‌లోడ్ నొక్కితే ‘పర్మిషన్ డినైడ్’

మిర్చికల్లం (గుంటూరు)
కల్లంలో ఆరబోసిన మిర్చి దగ్గర గాలిలో తేమ, వేడి కొలిచే చిన్న పరికరం చేస్తున్నాను. ఈఎస్‌పీ32 బోర్డు, డీహెచ్‌టీ22 సెన్సర్, లాప్‌టాప్‌లో ఉబుంటు 24.04 లినక్స్. బోర్డులోకి కోడ్ ఎక్కించే ఆర్డుయినో ఐడీఈలో టీటీవైయూఎస్‌బీ0 అని పోర్టు కనిపిస్తోంది, కానీ తెరవడానికి అనుమతి లేదంటోంది. తమ్ముడి విండోస్ కంప్యూటర్‌లో ఇదే బోర్డు చక్కగా పనిచేస్తోంది. కేబుల్ మార్చాలా?

బెజవాడబోర్డు
కేబుల్ జోలికి వెళ్లకండి. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్ అయితే పోర్టు పేరే వచ్చేది కాదు. టెర్మినల్ తెరిచి డెవ్ ఫోల్డరులో ఆ పోర్టు మీద ‘ఎల్ఎస్ మైనస్ ఎల్’ కొట్టండి. యజమాని రూట్ (అన్ని అధికారాలూ ఉన్న ఖాతా), గ్రూపు డయలౌట్ అని ఉంటుంది. చదవడం, రాయడం ఆ ఇద్దరికే. మిగతావారికి ఏమీ లేదు. తరువాత ‘గ్రూప్స్’ అని కొట్టి చూడండి, మీ పేరు డయలౌట్‌లో ఉండదు. అదే జబ్బు.

చేర్చడానికి: సుడో (రూట్ అధికారంతో నడిపించే కమాండ్) యూజర్‌మాడ్, మైనస్ గుర్తు పెట్టి చిన్న ‘ఎ’, పెద్ద ‘జి’, ఆపైన డయలౌట్, చివర మీ యూజర్ పేరు. ఆ చిన్న ‘ఎ’ని మాత్రం వదలకండి. అది లేకపోతే మిమ్మల్ని మిగతా అదనపు గ్రూపులన్నింటి నుంచి తీసేస్తుంది. సుడో గ్రూపు కూడా పోతుంది, ఇక ఆ లాప్‌టాప్ మీద మీకే పెత్తనం ఉండదు.

తొందరపాటు
ఇంత తతంగం ఎందుకండీ? ఆ పోర్టుకు సీహెచ్‌మాడ్ 666 (అందరికీ చదవడం, రాయడం) ఇస్తే క్షణంలో అయిపోతుంది.

ల్యాబ్‌సార్
అవుతుంది, బోర్డు పీకేదాకా. మళ్లీ గుచ్చగానే యూడెవ్ (గుచ్చిన పరికరాల సంగతి చూసే లినక్స్ ప్రోగ్రామ్) ఆ పోర్టు ఫైలును కొత్తగా సృష్టిస్తుంది, పాత అనుమతులే తిరిగి వస్తాయి. ప్రతిసారీ అదే కొట్టుకుంటూ కూర్చోవాలి.

అంతకంటే చెడ్డ అలవాటు ఐడీఈని సుడోతో తెరవడం. మా ల్యాబ్‌లో ప్రతి సెమిస్టరులో ఎవరో ఒకరు చేస్తారు. అప్పటికి కోడ్ ఎక్కుతుంది, నిజమే. కానీ హోమ్ ఫోల్డరులో ఆర్డుయినో15 అని చుక్కతో మొదలయ్యే దాచిన ఫోల్డరు ఒకటి ఉంటుంది. అందులో కొన్ని ఫైళ్లు రూట్ పేరు మీదికి వెళ్లవచ్చు. మర్నాడు మామూలుగా తెరిస్తే లైబ్రరీలు ఎక్కవు, బోర్డు ప్యాకేజీలు దిగవు. పోర్టు గొడవ కాస్తా ఫోల్డరు గొడవ అవుతుంది. అప్పుడు సీహెచ్‌ఓన్‌తో వాటిని మళ్లీ మన పేరు మీదికి తెచ్చుకోవాలి.

విద్యార్థులకు సుడో ఇవ్వని ల్యాబుల్లో యూడెవ్ నియమం ఒకటి రాసి పెట్టడం మేలు. బోర్డు మీద యూఎస్‌బీని సీరియల్‌గా మార్చేది సీహెచ్340 చిప్ అయితే వెండర్ (తయారీదారు) సంఖ్య 1ఎ86. దానికి ‘యూయాక్సెస్’ ట్యాగు తగిలిస్తే ఆ కంప్యూటర్ ముందు కూర్చుని లాగిన్ అయినవారికి అనుమతి దానంతట అదే వస్తుంది. నియమం ఫైలు పేరు 73 కంటే తక్కువ సంఖ్యతో మొదలవ్వాలి. చాలామంది 99 అని పెట్టి, పనిచేయడం లేదని తల పట్టుకుంటారు.

మిర్చికల్లం (గుంటూరు)
ల్యాబ్‌సార్ గారూ, బెజవాడబోర్డు గారూ, ధన్యవాదాలు. గ్రూపులో చేర్చాను. అయినా అదే మాట అంటోంది.

బెజవాడబోర్డు
లాగవుట్ అయి మళ్లీ రండి. గ్రూపుల జాబితా లాగిన్ సమయంలోనే ఖాయమవుతుంది, కొత్త టెర్మినల్ తెరిచినంత మాత్రాన మారదు. అప్పటికీ ‘గ్రూప్స్’లో డయలౌట్ కనిపించకపోతే రీస్టార్ట్ చేయండి. ‘న్యూజీఆర్‌పీ’ అని ఒక కమాండ్ ఉంది కానీ అది కొట్టిన టెర్మినల్‌కే పనికొస్తుంది, మెనూ నుంచి తెరిచిన ఐడీఈకి కాదు.

గవర్నర్‌పేటనానో
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాది ఉబుంటు 22.04, సీహెచ్340 ఉన్న ఆర్డుయినో నానో బోర్డు. నేను డయలౌట్‌లోనే ఉన్నాను. పోర్టు అలా వచ్చి ఇలా మాయమవుతోంది.

ల్యాబ్‌సార్
తమ్ముడూ, నీది అనుమతి సమస్య కాదు. ‘సుడో డీఎంఈఎస్‌జీ’ కొట్టి సిస్టమ్ సందేశాలు చూడు, బీఆర్ఎల్‌టీటీవై పేరు కనిపిస్తుంది. చూపులేనివారి బ్రెయిలీ పరికరాల కోసం ఉన్న ప్రోగ్రామ్ అది. కొన్ని బ్రెయిలీ పరికరాల్లోనూ ఇదే చిప్ ఉంటుంది కాబట్టి, నీ నానోను కూడా అదే అనుకుని లాక్కుంటుంది. ఆ ప్యాకేజీ తీసేస్తే సరి. నలుగురూ వాడే కంప్యూటర్ అయితే మాత్రం తీయకు, బ్రెయిలీ మీద ఆధారపడేవారు ఉండవచ్చు. దాని యూడెవ్ నియమాల్లో 1ఎ86, 7523 (చిప్ సంఖ్య) ఉన్న వరుసను మాత్రం ఆపు.

మిర్చికల్లం (గుంటూరు)
రీస్టార్ట్ తరువాత కోడ్ ఎక్కింది. తేమ అంకెలు వస్తున్నాయి. తమ్ముడి విండోస్‌లో ఇప్పుడు ‘యాక్సెస్ డినైడ్’ అంటోంది! అక్కడ గ్రూపులు లేవు కదా?

బెజవాడబోర్డు
లేవు. అక్కడ వేరే ప్రోగ్రామ్ ఏదో ఆ కామ్ పోర్టును పట్టుకుని ఉంటుంది. సీరియల్ మానిటర్ ఇంకో కిటికీలో తెరిచి ఉందేమో చూసి మూసేయమనండి.

తొందరపాటు
ఆర్చ్ లినక్స్‌లో డయలౌట్ గ్రూపే కనిపించడం లేదు.

ల్యాబ్‌సార్
అక్కడ యూయూసీపీ గ్రూపు. ఇందాక చెప్పిన ఎల్ఎస్ కొడితే అదే చెబుతుంది. 666 మాత్రం కొట్టకండి.